బుల్‌డాగ్‌ను ఆరోగ్యంగా పెంచడం ఎలా? ముందు దాని ఊపిరి వినండి

మా ఇంట్లో గుండు అని ఒక ఇంగ్లిష్ బుల్‌డాగ్ ఉన్నాడు. వయసు ఆరేళ్ళు, బరువు 24 కిలోలు. మాది విజయవాడ. వాణ్ణి తెచ్చిన రోజున మా బావ, "ఇక ఏసీ గది దానికిచ్చేసి నువ్వు వరండాలో పడుకో" అని ఆటపట్టించాడు. అది వేళాకోళం కాదని మొదటి మే నెలలోనే తెలిసింది. సాయంత్రం ఐదున్నర, ఎండ తగ్గిందిలే అనుకుని ఇరవై నిమిషాలు నడిపించాను. ఇంటికొచ్చేసరికి గొంతులోంచి రంపం కోస్తున్న చప్పుడు, నాలుక వెడల్పుగా సాగి ముదురెరుపు, నోట్లోంచి తీగలుగా చొంగ. ఆ సాయంత్రం గడిచింది, వాడు బతికాడు. అప్పటి నుంచి వాడి మొహం చూడటం కంటే ఊపిరి వినడమే నాకు పెద్ద పనైంది. కింద చెప్పేవన్నీ ఒకటో రెండో తప్ప చివరికి ఆ ఊపిరి దగ్గరికే వస్తాయి.

1. కొనేముందు ముక్కు చూడండి

ఇంగ్లండులో ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆట ఒకటి ఉండేది. బుల్‌డాగ్ పేరు అందులోంచే వచ్చింది. 1835లో చట్టం ఆ ఆటను నిషేధించింది. తర్వాత ఈ జాతి ఇళ్ళలోకి, కుక్కల ప్రదర్శనల్లోకి వచ్చింది. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని తరం తరానికీ మూతి కురచ చేస్తూ పోయారు. ఎముక కురచైంది గానీ దానికి తగ్గట్టు లోపలి కండ తగ్గలేదు. మెత్తని అంగిలి పొడుగ్గా ఉండి గొంతుకు అడ్డం పడుతుంది, ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా మూసుకుపోతాయి, కొన్నిటికి శ్వాసనాళమే సన్నగా ఉంటుంది.

అందుకని పిల్లను చూడ్డానికి వెళ్ళినప్పుడు మొదట ముక్కు రంధ్రాలు చూడండి. కామాలా తెరుచుకుని ఉండాలి. తర్వాత తల్లిని చూపించమనండి. వీలైతే తండ్రిని కూడా. తల్లిని నాలుగైదు నిమిషాలు నడిపించి చూడండి. ఆ కాస్త నడకకే గురగురమంటూ డొక్కలెగరేస్తే ఆ పిల్లను వదిలేయండి, కాగితాలు ఎంత గొప్పగా ఉన్నా సరే. తల్లిని చూపించనన్నవాడి దగ్గర అసలు కొనొద్దు. కెన్నెల్ క్లబ్ పత్రం వంశం గురించి చెబుతుంది, ఊపిరి గురించి చెప్పదు.

2. మామూలు చప్పుడేదో గుర్తుపెట్టుకోండి

"బుల్‌డాగ్ అన్నాక గురక పెట్టదా?" అని అందరూ అంటారు. పెడుతుంది. నిద్రలో సన్నగా గురక వేరు, మెలకువగా ఊరికే కూర్చున్నప్పుడు కూడా గురగురలు రావడం వేరు. రెండోది ముద్దు కాదు, దారి ఇరుకని చెప్పే గుర్తు. నిద్రలో ఉలిక్కిపడి లేవడం, కూర్చునే కునుకు తీయడం, బొమ్మను నోట కరుచుకుని నిద్రపోవడం (నోరు తెరిచి ఉంచుకోవడానికి అదొక ఉపాయం), తిన్న వెంటనే నురగ కక్కడం, ఇవి కూడా అంతే.

వారానికి రెండుసార్లు నేను చేసే పని ఇది: గుండు గాఢ నిద్రలో ఉన్నప్పుడు అర నిమిషం పాటు ఛాతీ ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టి, రెండింతలు చేసి క్యాలెండర్ మీద రాస్తాను. కుక్కకి నిద్రలో నిమిషానికి 30 లోపు ఉండాలి. గుండుకి 20కి అటూ ఇటూ ఉంటుంది. వరుసగా రెండు మూడు రోజులు 30 దాటితే ఫోన్ చేసి కాలయాపన చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఊపిరి తీసేటప్పుడు ఎగశ్వాసలా కనిపిస్తే, నాలుక నీలిరంగుకి తిరిగితే, మూడు రోజులు కాదు, మూడు నిమిషాలు కూడా ఆగొద్దు.

3. ఎండాకాలం దాటించండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. బుల్‌డాగ్‌కి అంతదాకా అక్కర్లేదు, మార్చి చాలు.

కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అది లెక్కలోకి రాదు. నాలుక మీది, ముక్కు లోపలి తడి ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. అందుకే రొప్పుతుంది. బుల్‌డాగ్‌కి ఆ దారే ఇరుకు. గట్టిగా రొప్పేకొద్దీ గొంతు లోపల వాపు వస్తుంది, దారి ఇంకా మూసుకుంటుంది, గాలి లాగడానికి ఇంకా కష్టపడాలి, ఆ కష్టానికి ఒళ్ళు ఇంకా కాగుతుంది. నిమిషాల్లో చేయి దాటిపోయేది ఇందుకే.

కోస్తాలో ఉండేవాళ్ళు ఇంకోటి గమనించాలి. గాలిలో తేమ ఎక్కువుంటే తడి ఆవిరవదు. ఎండ లేని మబ్బు రోజు కూడా ఉక్కపోతుంటే బుల్‌డాగ్‌కి అది ఎండ రోజే. కిటికీలన్నీ మూసి కూలర్ పెట్టామని నిశ్చింతగా ఉండొద్దు, అది తేమను పెంచుతుంది. హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండలో కూలర్ కొంత పనిచేస్తుంది, అదీ కిటికీ తీసి ఉంచితేనే. మా ఊళ్ళో మాత్రం ఏసీయే. కరెంటు పోయినప్పటికి ఇన్వర్టర్ మీద తిరిగే ఒక ఫ్యాన్, తడిపిన గచ్చు సిద్ధంగా ఉండాలి.

నడక ఉదయం ఆరులోపు, రాత్రి తొమ్మిది దాటాక. పది, పదిహేను నిమిషాలు చాలు. బయల్దేరే ముందు అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు ఓర్చుకోలేనంత వేడుంటే వాడి పాదాలకీ అంతే. మెడకు బెల్టు వద్దు, లాగినప్పుడల్లా గొంతు నొక్కుకుంటుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ కొనండి. దారిలో కూర్చుండిపోతే మొండికేశాడని లాక్కెళ్ళొద్దు. బుల్‌డాగ్ మొండిదే, కాదనను. కానీ ఎండాకాలంలో వాడు కూర్చుంటే వాడి మాటే వినాలి.

వడదెబ్బ తగిలితే వరుస ఇది. వెంటనే నీడకు తెచ్చి, మామూలు కుళాయి నీళ్ళతో పొట్ట, తొడల లోపలి వైపు, పాదాలు, ఒళ్ళు బాగా తడపండి. ఎదురుగా ఫ్యాన్ పెట్టండి. గాలి, నీళ్ళు రెండూ ఉండాలి. తడి తువ్వాలు ఒంటి మీద కప్పి వదిలేస్తే కాసేపటికే అది వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది, కప్పొద్దు. నీళ్ళు దగ్గర పెట్టండి, తాగితే తాగుతుంది, నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకొకరి చేత ఆసుపత్రికి ఫోన్ చేయించండి. తడపడం మొదలుపెట్టాకే కారెక్కించండి, ఏసీ ముందే వేసి ఉంచండి. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 105 దాటితే ప్రాణాపాయం. 103కి దిగాక తడపడం ఆపేయాలి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే, కిడ్నీలు, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్న సంగతి మర్నాడు గానీ బయటపడదు.

నీళ్ళలో ఆడిస్తే చల్లబడతాడు కదా అంటారా? బుల్‌డాగ్‌కి ఈత రాదు. పెద్ద తల, వెడల్పు ఛాతీ, పొట్టి కాళ్ళు, ముందు భాగమంతా బరువే. చెరువైనా, పొలంలో నీటి గుంటైనా, స్విమ్మింగ్ పూలైనా రాయిలా మునుగుతుంది. పిల్లల ప్లాస్టిక్ టబ్బులో మోకాళ్ళ లోతు నీళ్ళు పోస్తే గుండు అందులో పెద్దమనిషిలా కూర్చుంటాడు. అది చాలు.

4. బరువు పెరగనివ్వొద్దు

మగ బుల్‌డాగ్ దాదాపు 25 కిలోలు, ఆడది 23 కిలోలు ఉండటం మామూలు. అంతకన్నా పెరిగే ప్రతి కిలో కొవ్వు గొంతు చుట్టూ, ఛాతీ చుట్టూ చేరి ఊపిరిని నొక్కుతుంది. తుంటి కీళ్ళు ఈ జాతికి ముందే బలహీనం, వాటిమీదా పడుతుంది. కాటా లేకపోయినా తెలుసుకోవచ్చు. పక్కల మీద చేయి వేసి మెల్లగా రాస్తే పక్కటెముకలు చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము కాస్త లోపలికి ఉండాలి.

రోజుకి రెండు పూటలు, కొలిచి పెట్టండి. ప్యాకెట్ మీది కొలత ఇప్పుడున్న బరువుకి కాదు, ఉండాల్సిన బరువుకి చూసుకోవాలి. మన ఇళ్ళలో కుక్కంటే పెరుగన్నం. అప్పుడప్పుడు కాస్త పెడితే తప్పు లేదు గానీ మూడు పూటలా అదే అయితే మాంసకృత్తులు చాలవు, ఒళ్ళు మాత్రం వస్తుంది. మా అమ్మ మూడు నెలలు నాకు తెలియకుండా వాడికి నెయ్యి ఇడ్లీ పెట్టింది, రెండు కిలోలు పెరిగాడు. అమ్మతో గొడవపడి లాభం లేదు, వాడి కొలతలోంచే ఇడ్లీకి సరిపడా తగ్గించాను.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషాలే. కూర కలిపిన అన్నంలో ఉల్లి ఉంటుందని మర్చిపోతాం. పిల్లకుక్క ఎముకలు గట్టిపడాలని కాల్షియం సిరప్ పోస్తుంటారు. మంచి పప్పీ ఫుడ్ తింటున్న పిల్లకి అది అక్కర్లేదు, ఎక్కువైతే ఎముకలే వంకర పోతాయి. మనం వేసుకునే నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, ఎప్పుడూ వేయొద్దు.

5. మడతలు పొడిగా ఉంచండి

మొహం మీది మడతల్లో కన్నీరు, చొంగ, తిండి మెతుకులు చేరి నానుతాయి. రెండు రోజులు వదిలేస్తే పులిసిన దోసెల పిండి వాసన వస్తుంది. వాసన పోలిక ఊరికే కుదరలేదు, అక్కడ పెరిగేదీ ఈస్టే. రోజూ ఒకసారి గోరువెచ్చని నీళ్ళలో పిండిన మెత్తటి గుడ్డతో మడత విప్పి తుడవండి. ఆ తర్వాత పొడి గుడ్డతో తడి పూర్తిగా తీసేయాలి. అసలు పని ఇదే, చాలామంది తడి గుడ్డతోనే ఆపేస్తారు. పౌడరు వేయొద్దు, తడికి ముద్దకడుతుంది. కొబ్బరినూనె, పసుపు కూడా వద్దు. ఎర్రబడినా, రసి కారినా మందు కలిపిన వైప్స్ ఏవి వాడాలో డాక్టరే చెప్పాలి.

తోక కింద చూశారా? చాలా బుల్‌డాగ్‌లకు తోక మెలితిరిగి లోపలికి ఉంటుంది, దాని కింద జేబులా ఒక గుంట. అక్కడ కూడా వేలికి గుడ్డ చుట్టి తుడవాలి. కుక్క కూర్చుని వెనక భాగం నేలకేసి రాస్తుంటే మొదట అక్కడ వెతకండి. నడక నుంచి రాగానే వేళ్ళ సందులు తుడిస్తే అక్కడ వచ్చే పొక్కులు తగ్గుతాయి. స్నానం మూడు నాలుగు వారాలకోసారి, కుక్కల షాంపూతో.

6. కళ్ళు

కంటి మూలలో ఎర్రటి బఠాణీ గింజలా ఏదైనా ఉబ్బితే అది చెర్రీ ఐ, మూడో రెప్ప గ్రంథి బయటికి జారడం. దాన్ని కోసి పారేద్దామంటే ఒప్పుకోవద్దు. కన్నీటిలో మూడో వంతుకు అటూ ఇటూగా తయారయ్యేది ఆ గ్రంథిలోనే. తీసేస్తే కన్ను ఎండిపోయి జీవితాంతం చుక్కల మందుతో గడపాల్సి రావచ్చు. లోపలికి నెట్టి కుట్టే ఆపరేషన్ అడగండి.

7. టీకాలు, పిడుదులు

ఇక్కడ బుల్‌డాగ్‌కి ప్రత్యేకం ఏమీ లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి, మూడు నెలలకు రేబిస్, తర్వాత డాక్టరు చెప్పినట్టు. నులిపురుగుల మందు మరవొద్దు. పిడుదుల మందు మన దగ్గర ఏడాదంతా కావాలి, వానాకాలంలో మరీ. తిండి మానేసి, జ్వరంతో చిగుళ్ళు తెల్లబారితే టిక్ ఫీవరేమో చూడమనండి.

8. మత్తుమందు, ప్రయాణం

ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, పొడుగైన అంగిలిని కత్తిరించే ఆపరేషన్ ఉంది. అవసరమనుకుంటే చిన్న వయసులోనే మంచిది, ఏళ్ళ తరబడి గాలి బలంగా లాగీ లాగీ గొంతు లోపలి మెత్తటి ఎముకలు కుంగకముందే. మత్తిచ్చి చేసే ఏ ఆపరేషన్‌కైనా డాక్టర్ని ఒక మాట అడగండి: "గొట్టం ఎప్పుడు తీస్తారు?" బుల్‌డాగ్ పూర్తిగా తెలివొచ్చి తల ఎత్తేదాకా శ్వాస గొట్టం ఉంచాలి, తీశాక కూడా ఒకరు పక్కనే ఉండాలి. ఈ ప్రశ్నకు విసుక్కునే చోట నేనైతే ఆపరేషన్ చేయించను.

ఆడ బుల్‌డాగ్ ఉంటే ఒక్క ఈత పిల్లలు పెట్టిద్దామని అనిపిస్తుంది. పిల్లల తలలు పెద్దవి, తల్లి తుంటి సన్నం. బ్రిటన్‌లో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 80 శాతానికి పైగా బుల్‌డాగ్ కాన్పులు సిజేరియన్లే.

అమెరికా వెళ్ళే వాళ్ళు వెంట తీసుకెళ్దామనుకుంటే, టికెట్ కొనకముందే విమానసంస్థను అడగండి. చదును మూతి కుక్కల్ని చాలా సంస్థలు కార్గోలోకి ఎక్కించుకోవు. సీటు కింద పట్టడానికి బుల్‌డాగ్ ఏమో 24 కిలోలు. మా పక్కింటి వాళ్ళబ్బాయి ఇది వీసా వచ్చాక తెలుసుకున్నాడు. వాళ్ళ ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఇప్పుడు రోజూ సాయంత్రం మా టబ్బులో గుండు పక్కన కూర్చుంటోంది.