బైబిలు గురించి అడిగినవారికి జవాబు చెప్పేటప్పుడు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆదివారం ఆరాధన ముగిశాక సంఘంలోని ఆడవాళ్లకూ, పదో తరగతి దాటిన పిల్లలకూ నేను బైబిలు క్లాసు చెబుతాను. సరిహద్దు దాటి ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. అసలు ప్రశ్నలు క్లాసులో రావు. అందరూ లేచాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, పక్కవాళ్లకు వినబడకుండా అడుగుతారు. అలాంటి ప్రశ్నలు మీ దగ్గరకూ వస్తుంటే, నేను పాటించే పద్ధతి చెబుతాను.

మొదటి పని, ప్రశ్న అడిగినవారినే తిరిగి ఒక ప్రశ్న అడగడం. లూకా 10వ అధ్యాయంలో ధర్మశాస్త్ర ఉపదేశకుడు నిత్యజీవం గురించి అడిగితే యేసుప్రభువు వెంటనే జవాబివ్వలేదు. ధర్మశాస్త్రంలో ఏముంది, నువ్వేమి చదువుతున్నావు అని తిరిగి అడిగారు. మనమూ అలాగే మొదలుపెట్టాలి.

ఒకామె ఇలాగే గుమ్మం దగ్గర ఆగి, "టీచరుగారూ, ప్రార్థన రోగిని బాగుచేస్తుందని యాకోబు పత్రికలో ఉంది కదా, అది నిజమేనా?" అని అడిగింది. నిజమేనమ్మా అనేస్తే అక్కడితో అయిపోయేది. "ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అమ్మా?" అన్నాను. కొంగు ముడి విప్పి మాత్రల అట్ట తీసింది. టీబీ మాత్రలు. సగం గూళ్లు ఖాళీగా ఉన్నాయి, మిగతా సగంలో మాత్రలు అలాగే ఉన్నాయి. ప్రార్థన చేయించుకున్నాక కూడా మందు మింగితే విశ్వాసం లేనట్టేనని ఎవరో చెప్పారట, కొద్ది రోజులుగా మానేసిందట.

ఇలాంటప్పుడు ఒక్క వచనంతో సరిపెట్టకండి. యాకోబు 5:14-15 ఆమె చేతే చదివించాను. సంఘ పెద్దలను పిలిపించుకోమనీ, వాళ్లు నూనె రాసి ప్రార్థన చేయాలనీ అక్కడ ఉంది. మందు మానమని ఎక్కడా లేదు. తరువాత 2 రాజులు 20వ అధ్యాయం తీయించాను. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడు స్వయంగా మాట ఇచ్చాడు. ఆ తరువాత కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మని రాశాడు (1 తిమోతి 5:23). తనతో తిరిగిన త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని కూడా రాశాడు (2 తిమోతి 4:20). పౌలు ప్రార్థనలో లోపం ఉందని ఎవరు అనగలరు? ఇవన్నీ చదివాక సూటిగా చెప్పాను: టీబీ మందు సాధారణంగా ఆరు నెలలు వాడాలి, మధ్యలో మానేస్తే మందులకు లొంగని జబ్బుగా మారవచ్చు, రేపే ఆసుపత్రికి వెళ్లి ఆపేసిన సంగతి దాచకుండా చెప్పు, ప్రార్థన మనం చేస్తూనే ఉందాం. ప్రాణం మీదికి వచ్చే ప్రశ్నకు జవాబు అటూ ఇటూ కాకుండా ఉండకూడదు. మందు మానమని చెప్పేవాళ్ల మాట తప్పు అని నేను గట్టిగానే అంటాను.

రెండో పని, అడిగిన వచనానికి పైనా కిందా చదివించడం. అధ్యాయాల అంకెలూ వచనాల అంకెలూ మూల రచయితలు వేసినవి కావు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దానిది. కొత్త నిబంధనకు వచనాల అంకెలు రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేశాడు. వెతుక్కోవడానికి అవి చాలా ఉపయోగం, కానీ వాటివల్లే వచనాన్ని విడిగా తీసి గోడకు తగిలించే అలవాటు కూడా వచ్చింది. యిర్మీయా 29:11 కేలండర్లలో అందరూ చూసే ఉంటారు. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే మాట. పరీక్ష ఫలితాల ముందు పిల్లలు దీన్ని పట్టుకుని, ఫెయిల్ అయితే దేవుడు మాట తప్పాడా అని అడుగుతారు. దాని పై వచనం చదివించండి. బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం అది, 70 సంవత్సరాలు గడిచాకే తిరిగి వస్తారని అందులో ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. అంత చదివాక పిల్లలు అడిగే ప్రశ్నే మారిపోతుంది.

మా దగ్గర దీనికి ఒక చిక్కు ఉంది. పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు బైబిలు ఇస్తే అక్షరాలు కూడబలుక్కుంటూ అర్థం వదిలేస్తారు. అందుకని పక్కన ఒడియా బైబిలు కూడా పెట్టుకుంటాను. పిల్లవాడు ఒడియాలో చదువుతాడు, వాళ్ల అమ్మ తెలుగులో చదువుతుంది, తరువాత ఇద్దరూ తమకు అర్థమైంది మామూలు మాటల్లో చెబుతారు. జవాబు సగం అక్కడే తేలిపోతుంది. సరిహద్దు ఊళ్లలో క్లాసు చెప్పేవారంతా ఇది చేసి చూడండి.

ఇక ప్రతి సంవత్సరం రథయాత్ర రోజుల్లో వచ్చే ప్రశ్న. ఇంటర్ చదివే అమ్మాయి అడిగింది, పక్కింటి మాఉసీ (ఒడియాలో పిన్ని) జగన్నాథుడి ప్రసాదం అని ఖాజాలు తెచ్చి ఇస్తే తీసుకోవచ్చా అని. దీనికి బైబిలులో ఒక మాట కాదు, మూడు మాటలున్నాయి, మూడూ చెప్పాలి. విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి 1 కొరింథీ 8లో పౌలు, భోజనం మనల్ని దేవునికి దగ్గర చేయదు అంటాడు, అయినా బలహీనుడైన సహోదరుడికి అది అడ్డమైతే మాంసమే మానేస్తానంటాడు. 10వ అధ్యాయం మధ్యలో విగ్రహారాధనలో పాలుపంచుకోవద్దని గట్టిగా హెచ్చరిస్తాడు. అదే అధ్యాయం 25 నుంచి 29 వరకు, అంగడిలో అమ్మేది విచారణ లేకుండా తినండి, ఇది అర్పించినది అని ఎవరైనా చెబితే మాత్రం చెప్పినవాడి కోసం తినకండి అంటాడు. ప్రసాదం అని చెప్పి ఇచ్చారు కాబట్టి ఈ చివరి మాటే ఇక్కడ వర్తిస్తుందని నా నిర్ణయం. వేరుగా అనుకునే విశ్వాసులూ ఉన్నారు, వాళ్లను తీర్పు తీర్చవద్దని రోమా 14 ఉంది.

అయితే ఆ అమ్మాయి భయం ఖాజా గురించి కాదు. చిన్నప్పుడు తనను ఎత్తుకు పెంచిన మాఉసీ మనసు నొచ్చుకుంటుందేమోనని. అందుకని కాదనే పద్ధతి కూడా నేర్పాలి. ముఖం తిప్పుకోవద్దు, ఆమె దేవుడి గురించి ఒక్క తేలిక మాట అనవద్దు. ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు, వీళ్లు మన దేవతను దూషించలేదని ఆ పట్టణపు కరణమే పౌలు స్నేహితుల పక్షాన చెప్పాడు (అపొస్తలుల కార్యములు 19:37). మన గురించి పొరుగువారు అలా చెప్పగలగాలి. "మాఉసీ, మా నమ్మకం ప్రకారం ప్రసాదం తీసుకోలేను, ఏమీ అనుకోకు, నీ చేతి పిఠా (పిండివంట) ఎప్పుడు చేసినా నాకు పెట్టు" అని చెప్పమన్నాను. చెప్పింది.

కొన్ని ప్రశ్నలకు ఇంత అవసరం లేదు. ఆదాము కొడుకు కయీనుకు భార్య ఎక్కడినుంచి వచ్చిందంటే, ఆదాముకు ఇంకా కుమారులూ కుమార్తెలూ ఉన్నారని ఆదికాండము 5:4లో ఉంది, అంతకు మించి గ్రంథం చెప్పలేదు. కతోలిక బంధువుల బైబిలులో 73 పుస్తకాలు, మన దాంట్లో 66 ఎందుకంటే, తేడా అంతా పాత నిబంధనలోనే ఉంది, కొత్త నిబంధన 27 పుస్తకాలూ ఇద్దరికీ ఒకటే. యేసుప్రభువు రెండో రాకడ ఏ సంవత్సరం అంటే, ఆ దినం ఎవరికీ తెలియదనే మత్తయి 24:36 చూపించి ఊరుకోండి. గ్రంథం మౌనంగా ఉన్నచోట మనం ఊహించి పూరించకూడదు.

ఇతర మతాల పొరుగువారు అడిగితే అడిగినంతే చెప్పండి. బలవంతంగా, ఆశపెట్టి, మోసం చేసి మతం మార్చడాన్ని ఒడిశాలో 1967 చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా, జవాబు సాత్వికంతో చెప్పమని 1 పేతురు 3:15 ఆజ్ఞ. నమ్మకాన్ని ఏదో లాభం చూపించి అడగడం సువార్తకే అవమానం.

చావు ఇంట్లో అడిగే ప్రశ్నకు మాత్రం అప్పుడే జవాబు చెప్పకండి. నా కొడుకునే దేవుడు ఎందుకు తీసుకున్నాడని తల్లి ఏడుస్తుంటే, అది వివరణ కోసం అడిగింది కాదు. పిల్లలను పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ తరువాత కారణాలు చెప్పడం మొదలుపెట్టి చివరికి దేవుని కోపానికి గురయ్యారు (యోబు 42:7). ఏదో పాపం ఉండి ఉంటుందని ఎవరైనా గొణిగితే అక్కడే ఆపండి. సిలోయము గోపురం పడి చనిపోయిన 18 మంది మిగతావారికంటే దోషులు కారని యేసుప్రభువే చెప్పారు (లూకా 13:4). వంట చూడండి, వచ్చినవాళ్లకు నీళ్లివ్వండి. నెల గడిచాకో రెండు నెలలకో ఆమే మళ్లీ అడుగుతుంది. అప్పుడు 1 థెస్సలొనీక 4:13 తీయండి. ఏడవవద్దని పౌలు అనలేదు, నిరీక్షణ లేనివారిలా ఏడవవద్దన్నాడు. ఆ మాట చెప్పాక, పునరుత్థానం గురించి చెప్పే 1 కొరింథీ 15వ అధ్యాయం ఆమెతో కలిసి చదవండి. 58 వచనాలున్నాయి, సగంలో ఆపకండి, అవసరమైతే రెండు రోజులు కూర్చోండి.