వేలి నరాల దెబ్బలు – 2వ పాఠం: మత్తు ఇవ్వకముందే స్పర్శ చూడండి

ప్రతి వేలికీ అరచేతి వైపున, అటొకటి ఇటొకటి స్పర్శ నరాలు ఉంటాయని పోయిన పాఠంలో చూశాం. గాజు పెంకో కత్తో దిగినప్పుడు వాటిలో ఏది తెగిందో పట్టుకోవడం ఈసారి నేర్చుకుందాం.

మనం రక్తనాళాన్నీ, కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి టెండన్‌నీ, స్పర్శ తెచ్చే తీగనీ అన్నిటినీ ‘నరం’ అనే అనేస్తాం, అందుకే నరం తెగితే వేలు కదలదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వేలిని కదిపే కండరాలు ముంజేతిలో, అరచేతిలో ఉంటాయి కాబట్టి వేలిలో స్పర్శ నరం పూర్తిగా తెగినా వేలు హాయిగా వంగుతుంది. ‘కదులుతోందిలే’ అని కుట్లేసి పంపించేస్తే, మొద్దుబారిన సంగతి కట్టు విప్పాకే బయటపడుతుంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక ఇక పరీక్షకు అర్థమే లేదు, కాబట్టి ముందే చూడాలి, రాసిపెట్టాలి.

కళ్లు మూసుకోమని చెప్పి, వేలి కొసన రెండు పక్కలా విడివిడిగా మెల్లగా తాకండి. ‘తెలుస్తోందా?’ అని అడిగితే సగంమంది తెలుస్తోందనే అంటారు. ‘రెండో చేతి వేలికి తెలిసినట్టే ఉందా?’ అని అడగండి. ‘ఏదో తేడాగా ఉందండీ’ అన్నా సరే, నరం తెగిందనే అనుకుని ముందుకెళ్లాలి.

తర్వాత పేపర్ క్లిప్. దాన్ని వంచి రెండు మొనలూ 5 మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా స్కేలుతో సరిచూసుకోండి. వేలి పొడవునా, ఒక పక్కకే, చర్మం తెల్లబడనంత తేలిగ్గా ఆనించి, ఒకసారి ఒక మొన, ఒకసారి రెండు, వరస తెలియకుండా మారుస్తూ ‘ఒకటా, రెండా?’ అని పదిసార్లు అడగండి. ఏడుసార్లయినా సరిగ్గా చెబితే ఆ దూరం తెలుస్తున్నట్టే. వేలి కొసన 6 మిల్లీమీటర్ల లోపు తెలియడం మామూలు.

చిన్నపిల్లలు జవాబు చెప్పలేరు. వాళ్ల వేలి మీద నున్నటి పెన్ను జరిపి చూడండి. నరం తెగిన పక్క చెమట పట్టదు, పెన్ను జర్రున జారిపోతుంది.

ఇంకొకటి, చాలా ముఖ్యం. వేలిలో నరం రక్తనాళం కంటే అరచేతి వైపుకే ఉంటుంది. అటునుంచి తెగి రక్తం చిమ్ముతోందంటే, కత్తి దాదాపుగా నరాన్ని దాటే వెళ్లింది. అప్పుడు చెయ్యి పైకెత్తి గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. కనపడని చోట క్లాంప్ (రక్తనాళాన్ని బిగించి పట్టే పట్టకారు) వెయ్యకండి, పక్కనే ఉన్న నరం నలిగిపోతుంది. చేతి సర్జన్ దగ్గరికి తొందరగా పంపండి, మైక్రోస్కోప్ కింద కలిపి కుట్టాల్సిన పని అది. కుట్టాక కూడా నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుందని దెబ్బ తగిలినవాళ్లకు ముందే చెప్పండి.

ఈ వారం మీ పది వేళ్ల మీదా క్లిప్ పరీక్ష చేసి, ఏ వేలికి ఎంత దూరం తెలిసిందో రాసుకోండి. మూడో పాఠంలో ఆ అంకెలతోనే మొదలుపెడదాం.