ఇంగ్లీషు వచ్చు, వినపడదు: అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లకి సినిమా పాఠాలు

నేను డాలస్ వచ్చిన మూడో వారంలో మావారు నన్నొక ఇంగ్లీషు సినిమాకి తీసుకెళ్లారు. ఆయన కారు పార్క్ చేసి వచ్చేలోపు పాప్‌కార్న్ తీసుకుందామని కౌంటర్ దగ్గర నిలబడ్డాను. అవతల ఉన్న కుర్రాడికి పదిహేడేళ్లుంటాయేమో, ఏదో అడిగాడు. నాకు వినపడింది "జువానబటరాన్నాట్?" అని. "సారీ?" అన్నాను. మళ్లీ అదే. మూడోసారి అడగడానికి సిగ్గేసి "యెస్" అనేశాను. గిన్నెడు వెన్న కుమ్మరించి డబ్బా చేతిలో పెట్టాడు.

ఆ కుర్రాడు అడిగింది "డు యు వాంట్ బటర్ ఆన్ దట్?" అని. ఆరే మాటలు. ఆరూ మూడో తరగతిలోనే చదువుకున్నవి. ఎమ్మెస్సీ ఇంగ్లీషు మీడియంలో చదివి, వీసా ఇంటర్వ్యూలో గడగడా మాట్లాడి, ఇక్కడ పాప్‌కార్న్ దగ్గర బోల్తా పడ్డాను. మనలో చాలామందికి ఇంతే. మాటలు వచ్చు, వ్యాకరణం వచ్చు, చదివితే అర్థమవుతుంది. వినపడదు. అందుకే సినిమాలు చూసి ఇంగ్లీషు నేర్చుకోమని ఎవరైనా సలహా ఇస్తే, దాన్ని కొత్త మాటలు పోగేసుకోమని అన్నట్టు తీసుకోకండి. చెవికి సాధన అనుకోండి.

తెలుగులో ప్రతి అక్షరానికీ మర్యాద ఇస్తాం, చివర అచ్చు కూడా వదలం. కార్ వస్తే కారు చేశాం, బస్ వస్తే బస్సు చేశాం. ఇంగ్లీషువాళ్లు ఒక మాటలో ఒక ముక్కని గట్టిగా ఒత్తి మిగతావి మింగేస్తారు. మన "కంఫర్టబుల్" వాళ్ల నోట "కంఫ్టర్బుల్". మన "వాటర్" ఇక్కడ "వాడర్". "డిడ్ యు ఈట్ యెట్?" అన్నది "జీచెట్?" అయిపోతుంది. ఇది పల్లెటూరి యాస అనుకునేరు, డాక్టర్లూ ప్రొఫెసర్లూ కూడా తొందరలో ఇలాగే అంటారు.

అన్నిటికన్నా నన్ను ముంచింది "కెన్", "కాంట్". ఒకసారి పళ్ల డాక్టర్ దగ్గరికి అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసి "ఐ కెన్ కమ్ ఆన్ థర్స్‌డే" అని స్పష్టంగా, "కెన్" మీద బాగా ఒత్తి చెప్పాను. ఫోన్ ఎత్తిన ఆమె గురువారం కుదరదని రాసుకుని తర్వాతి వారానికి ఇచ్చింది. ఇక్కడివాళ్లు "రాగలను" అనాలంటే "ఐ క్‌న్ కమ్" అని కెన్‌ని దాదాపు మింగేసి "కమ్"ని ఒత్తుతారు. "రాలేను" అనాలంటే "క్యాన్" మీద ఒత్తు పెట్టి చివరి "ట్"ని సగం మింగేస్తారు. అంటే "క్యాన్" అని గట్టిగా వినపడితే చాలావరకు అది కాదనడమే! పదేళ్లు ఇంగ్లీషు చదివినా ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. ఒక సీరియల్లో ఇద్దరు అక్కచెల్లెళ్ల పోట్లాట నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూస్తే తెలిసింది.

ఏం చూడాలి

సూపర్ హీరోల సినిమాలతో మొదలుపెట్టకండి. గంట పేలుళ్లు, పావుగంట మాటలు. అర్థమైనట్టే ఉంటుంది, ఎందుకంటే అర్థం చేసుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. వార్తలు శుభ్రంగా వినపడతాయి గానీ న్యూస్ రీడర్లా మాట్లాడే మనిషి వీధిలో తగలడు.

నా ఓటు ఇరవై, ఇరవై రెండు నిమిషాల ఇంటింటి హాస్య ధారావాహికలకి. అదే ఇల్లు, అదే సోఫా, అవే నాలుగైదు గొంతులు. పదో భాగానికొచ్చేసరికి ఆ గొంతులు మన పక్కింటివాళ్లవంత పరిచయమైపోతాయి. వెనక నవ్వులు వినపడే పాత రకంవైతే ఇంకా మంచిది, ఎక్కడ జోకు పడిందో తెలుస్తుంది. మనకి నవ్వు రాకపోతే అక్కడ ఆపి మళ్లీ వినాలన్నమాట. వంటల కార్యక్రమాలు, పాత ఇళ్లు బాగుచేసే కార్యక్రమాలు కూడా బాగుంటాయి. నోరు చెప్పేది చేతులు చేసి చూపిస్తాయి కదా. మా అమ్మ ఆరు నెలలు ఉండి వెళ్లినప్పుడు "సిమర్", "డ్రిజిల్", "పించ్" లాంటి మాటలు వంటల కార్యక్రమాల్లోనే పట్టేసింది. పిల్లల యానిమేషన్ సినిమాలు చిన్నతనమనుకోవద్దు. గొంతులు స్టూడియోలో విడిగా రికార్డు చేస్తారు కాబట్టి మాట గాలికీ ట్రాఫిక్ హోరుకీ కొట్టుకుపోదు.

అమెరికాలో ఉంటే మొదటి మూణ్ణెల్లు బ్రిటిష్ సీరియళ్లు పక్కన పెట్టండి. లండన్ వెళ్లినవాళ్లు దీన్ని తిరగేసి చదువుకోండి.

కింద అక్షరాలు ఏ భాషలో ఉండాలి

ఇంగ్లీషులోనే. తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే కథ అర్థమవుతుంది, చెవి మాత్రం నిద్రపోతుంది. ఇది నా ఒక్కదాని మాట కాదు. హోల్గర్ మిటరర్, జేమ్స్ మెక్వీన్ అనే పరిశోధకులు 2009లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఇంగ్లీషు బాగా వచ్చిన డచ్చివాళ్లకి స్కాటిష్, ఆస్ట్రేలియన్ యాసల్లో ఉన్న దృశ్యాలు చూపించారు. ఇంగ్లీషు అక్షరాలతో చూసినవాళ్లకి ఆ యాస తర్వాత బాగా పట్టుబడింది. సొంత భాష అక్షరాలతో చూసినవాళ్లకి, అంతకుముందు వినని మాటల దగ్గర అవి అడ్డే అయ్యాయి. కంటికి కనపడే మాటా చెవికి వినపడే మాటా ఒకటే అయినప్పుడు "ఓహో, జీచెట్ అంటే ఇదా" అని జత కుదురుతుంది. తెలుగు అక్షరాలతో ఆ జత కుదరదు.

నేను చేసిన పద్ధతి చెప్తాను, పెద్ద విద్యేమీ కాదు. అయిదు నిమిషాల ముక్క తీసుకోండి. మొదట అక్షరాలు లేకుండా చూడండి, సగం పోతుంది, పోనివ్వండి. రెండోసారి ఇంగ్లీషు అక్షరాలతో. మూడోసారి పది సెకన్లు వెనక్కి తిప్పే బటన్ వాడుతూ, పాత్రతోపాటు పైకి అనండి, అదే వేగంతో, అదే రాగంతో. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నాలుగోసారి మళ్లీ అక్షరాలు తీసేయండి. మొదటిసారి గోల లాగా అనిపించింది ఇప్పుడు మాటలుగా విడిపోతుంది. మరీ వేగంగా ఉంటే నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ రెండిట్లోనూ వేగం తగ్గించుకోవచ్చు, కానీ 0.75 కన్నా కిందకి వెళ్తే తాగినవాళ్లు మాట్లాడినట్టుంటుంది. రోజుకి ఇలా ఒక్క ముక్క చాలు. వారాంతంలో నాలుగు సినిమాలు సోఫాలో పడుకుని చూడడం కన్నా ఇది మేలని నా గట్టి నమ్మకం.

క్లోజ్డ్ క్యాప్షన్లలో ఒక అదనపు లాభం ఉంది. అవి వినికిడి లేనివాళ్ల కోసం తయారు చేసినవి కాబట్టి మాటలే కాకుండా శబ్దాలు కూడా రాస్తారు. నిట్టూరిస్తే "సైస్", హేళనగా ముక్కుతో అంటే "స్కాఫ్స్", లోలోపల నవ్వుకుంటే "చకిల్స్", గోడ అవతల గొంతైతే "మఫుల్డ్". నిట్టూర్పుకి ఇంగ్లీషు మాట మనకి పాఠాల్లో ఎక్కడో తగిలి ఉంటుంది గానీ, మనిషి ముఖంతో కలిపి చూడలేదు.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. భాషలు ఎంచుకునే చోట "ఇంగ్లీష్, ఆడియో డిస్క్రిప్షన్" అని ఉంటుంది. చూపు లేనివాళ్ల కోసం, మాటల మధ్య ఖాళీల్లో ఒక గొంతు తెరమీద జరిగేది చెప్తూ పోతుంది. ఆమె కుర్చీ వెనక్కి జరుపుతుంది, తలుపు దగ్గర తటపటాయిస్తుంది, తాళాలు జేబులో తడుముకుంటుంది. రోజువారీ క్రియలన్నీ వర్తమాన కాలంలో, నిదానంగా, స్పష్టమైన గొంతులో. మా అమ్మ దీన్ని "హరికథ పెట్టు" అనేది. కూర తరుగుతూ వినేది.

డబ్బు పెట్టక్కర్లేదు

ఊళ్లో పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి కార్డు తీసుకోండి. సాధారణంగా అడ్రస్ రుజువు ఒకటి, అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో, చాలు. డీవీడీలు ఉచితంగా ఇస్తారు. చాలా లైబ్రరీల కార్డు మీద కనోపీ, హూప్లా లాంటి యాప్‌లలో సినిమాలు ఇంట్లోంచే చూడొచ్చు. చాలాచోట్ల లైబ్రరీలోనే ఉచితంగా ఇంగ్లీషు సంభాషణ బృందాలు నడుస్తాయి. వర్క్ పర్మిట్ రాని హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకి ఇచ్చే వీసా) రోజుల్లో నాకు మొదటి స్నేహితురాళ్లు అక్కడే దొరికారు. ఒకావిడ కొలంబియా, ఒకావిడ వియత్నాం. ముగ్గురం ముందు రోజు చూసిన సినిమా కథ ఒకరికొకరు చెప్పుకునేవాళ్లం. చూసిన కథ ఇంకొకరికి చెప్పబోతేనే మనకి ఏ మాట రాలేదో బయటపడుతుంది.

థియేటర్‌కి వెళ్లినప్పుడు

ఇంట్లో ఇంత సౌకర్యం ఉండగా థియేటర్ ఎందుకంటే, అక్కడ వెనక్కి తిప్పే బటన్ ఉండదు కాబట్టి. టికెట్టు దగ్గర, పాప్‌కార్న్ దగ్గర, సీటు వెతుక్కునే దగ్గర మనుషులతో మాట్లాడాలి కాబట్టి. యాప్‌లో కొంటే సౌకర్య రుసుమని డాలరో రెండో కలుపుతారు. కౌంటర్‌లో కొంటే అది మిగులుతుంది, నాలుగు వాక్యాలు మాట్లాడడమూ అవుతుంది. మంగళవారాలు చాలా పెద్ద థియేటర్ల గొలుసుల్లో టికెట్టు చౌక, కొన్నిచోట్ల ఉచిత సభ్యత్వం తీసుకోవాలి. వేసవి సెలవుల్లో కొన్ని గొలుసులు మామూలు రోజుల ఉదయం పాత పిల్లల సినిమాలు ఒకటి రెండు డాలర్లకే వేస్తాయి. చిన్నపిల్లల తల్లులకి ఇంతకన్నా మంచి క్లాసు లేదు, హాల్లో అందరి పిల్లలూ అరుస్తుంటారు, మనవాళ్లు అరిచినా ఎవరూ తిరిగి చూడరు.

ఇంటర్వెల్ ఉండదు. ఇది నమ్మకుండా సోడా పెద్ద కప్పు తాగి నేను పడ్డ అవస్థ చెప్పను. టికెట్టు మీద ఉన్న సమయానికి ప్రకటనలూ ట్రైలర్లూ మొదలవుతాయి, అసలు సినిమా రావడానికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు. ఆ ట్రైలర్లు వదలకండి, రెండు నిమిషాల్లో కథ చెప్పేస్తాయి, చెవికి మంచి పరీక్ష.

రేటింగ్ చూసుకుని వెళ్లండి. మన యూ, ఏ లాంటివే గానీ లెక్క వేరు. "పీజీ-13" అంటే పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్త పడమని. "ఆర్" అంటే పదిహేడు నిండనివాళ్లు పెద్దవాళ్లతో రావాలి, చిన్నగా కనపడితే గుర్తింపు కార్డు అడుగుతారు. కొన్ని థియేటర్లు సాయంత్రం ఆరు దాటాక ఆర్ సినిమాలకి ఆరేళ్లలోపు పిల్లల్ని అసలు రానివ్వవు. అన్నట్టు, ఆర్ సినిమాల్లో ప్రతి వాక్యంలోనూ దొర్లే ఆ నాలుగక్షరాల మాటలు అర్థం చేసుకోండి, ఆఫీసులో అనకండి. "గొన" (గోయింగ్ టు), "వాన" (వాంట్ టు) కూడా నోటితో అనడం వరకే, ఈమెయిల్‌లో రాయొద్దు.

అక్షరాలు లేకుండా కష్టమైతే షోల పట్టికలో "ఓపెన్ క్యాప్షన్" అని ఉన్న ఆట చూసుకోండి, మాటలు తెరమీదే పడతాయి. మిగతా ఆటలకి కూడా, 2016లో వచ్చిన ఫెడరల్ నిబంధన ప్రకారం, డిజిటల్ థియేటర్లు క్యాప్షన్ చూపే పరికరాలు ఉంచాలి. కప్పు పెట్టుకునే గుంటలో బిగించే వంగే కాడ, దాని కొసన చిన్న తెర. అవి వినికిడి లేనివాళ్ల కోసం ఉన్నవి, కాబట్టి నేను మాత్రం ఓపెన్ క్యాప్షన్ ఆటకే వెళ్తాను.

కౌంటర్ల దగ్గర పనికొచ్చే ముక్కలు కొన్ని. "యు ఆల్ సెట్?" అంటే ఇంకేమైనా కావాలా, అయిపోయిందా అని. "ఐ యామ్ గుడ్" అంటే వద్దండీ అని, నేను మంచిదాన్ని అని కాదు. "హౌ ఆర్ యు డూయింగ్" అంటే ఆరోగ్యం గురించి అడగడం కాదు, "గుడ్, యు?" అని ముందుకు కదలండి. మనం "ఐ హావ్ ఎ డౌట్" అంటాం, ఇక్కడ దానికి నీ మాట మీద నాకు నమ్మకం లేదన్న వాసన వస్తుంది, "క్వశ్చన్" అనండి. "పాస్డ్ అవుట్ ఇన్ 2012" అన్నారంటే ఆ ఏడాది స్పృహ తప్పారనుకుంటారు.

చివరగా తెలుగు సినిమా. ఇక్కడ ప్రీమియర్లు ఇండియా రిలీజుకి ముందు రోజే పడతాయి, టికెట్టు ఇంగ్లీషు సినిమా కన్నా ఎక్కువ, ఈలలు అదనం. కాయితాలు విసరకండి, ఊడ్చేది మనం కాదు. ఈ సినిమాలకి సాధారణంగా కింద ఇంగ్లీషు అక్షరాలుంటాయి, మనకి అక్కర్లేదని వదిలేస్తాం. చదవండి. మనకి పూర్తిగా తెలిసిన మాటని ఇంగ్లీషువాడు ఏమంటాడో అక్కడ దొరుకుతుంది. "తల తినకు" అంటే "డోంట్ బగ్ మీ". కొన్ని చోట్ల నీరసంగా ఉంటాయి, అప్పుడు ఇంటికెళ్లే దారిలో మీరే బాగుచేయండి. మా కారులో "పోనీలే" అన్న మాట మీద ఏడాదిగా తగువు. మావారు "ఇట్స్ ఫైన్" అంటారు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి "వాటెవర్" అంటుంది. అందులో విసురు ఉంది, పోనీలేలో విసురు ఉండదే అని నేను. ఉంటుందమ్మా, నువ్వు అన్నప్పుడు ఉంటుంది అని అది.