డేటాబేస్ అద్దె లేకుండా పాలకేంద్రం లెక్కలు ఎస్3లో ఎలా రాయాలి?

రెండు వందల మంది రైతులు, రోజుకు రెండు పూటలు అనుకుందాం. నెలకు 12,000 ఎంట్రీలు. ఒక్కో దాంట్లో రైతు కోడ్, లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో మిగిలిన ఘనపదార్థాల శాతం), రేటు ఉంటాయి, అర కిలోబైట్ దాటదు. పాలు పోసేది పూటకు రెండు గంటలే అయినా, అద్దెకు తీసుకున్న డేటాబేస్ సర్వర్ మీటరు మాత్రం 24 గంటలూ తిరుగుతుంది.

ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునేందుకు అమెజాన్ 2006లో తెచ్చిన ఎస్3లో లెక్క వేరు. దాచినదానికీ, రాసినదానికీ, చదివినదానికే డబ్బు. వెయ్యిసార్లు రాస్తే సుమారు అర సెంటు. అంటే మన 12,000 ఎంట్రీలకు నెలకు ఆరు సెంట్లు, పన్నులు కాక. దాచే జాగా ఆరు ఎంబీ కాబట్టి దాని అద్దె లెక్కలోకే రాదు.

ముందు ప్రశ్నలు రాసుకోండి

కోడ్ రాయకముందు ఒక కాగితం తీసుకుని, ఈ డేటాను రేపు ఏమేమి అడుగుతారో రాయండి. నా దృష్టిలో అసలు పని ఇదే. ఎస్3 మామూలు బకెట్‌లో (ఫైళ్లు పెట్టే డబ్బా) టేబుళ్లు, ఇండెక్సులు (వెతకడానికి సూచికలు) ఉండవు. కీ అనే పేరు, ఆ పేరు మీద ఒక ఫైలు, అంతే. కీ మొత్తం చెబితే ఫైలు ఇస్తుంది. కీ మొదటి ముక్క చెబితే, దాంతో మొదలయ్యే పేర్లన్నీ వెయ్యి చొప్పున వరుసలో చూపిస్తుంది. అందుకే ఇండెక్స్ చేసే పని పేరే చేయాలి.

పాలకేంద్రంలో ముఖ్యంగా అడిగేవి రెండు: ఈ పూట ఎవరెవరు పోశారు? ఈ రైతుకు ఈ పదిహేను రోజులకు ఎంత రావాలి? మొదటిదానికి కీ ఇలా పెట్టండి:

రోజు/2025-06-03/1/0147

1 అంటే ఉదయం పూట, 0147 రైతు కోడ్. తేదీలో సంవత్సరం ముందు రావాలి, ఎందుకంటే వరుస అక్షరక్రమంలో ఉంటుంది. 3-6-2025 అని రాస్తే అన్ని నెలల మూడో తారీఖులూ ఒకచోట చేరతాయి. కోడ్‌కు ముందు సున్నాలు కూడా అందుకే, లేకపోతే 9 కంటే 10 ముందు వస్తుంది. రైతు పేరును కీలో పెట్టకండి, స్పెల్లింగ్ రోజుకోలా పడుతుంది.

రెండో ప్రశ్నకు ఇంకో కాపీ కావాలి: రైతు/0147/2025-06-03/1. ఈ రెండూ ఒకేసారి పడేలా రాయడం ఎస్3కి రాదు. మధ్యలో నెట్ పోతే ఒకటి పడి ఒకటి ఆగిపోతుంది. కాబట్టి రోజు కీనే అసలు లెక్కగా పెట్టుకుని, రైతు కాపీలను రాత్రికి దాన్నుంచి తయారుచేయండి. అనుమానం వస్తే ఆ పని మళ్లీ నడపండి, నష్టమేమీ లేదు.

ఇద్దరు ఒకేసారి రాస్తే?

నేను మొదట పూట మొత్తాన్ని ఒకే ఫైల్లో పెట్టాను. రెండు కాటాల దగ్గర ఇద్దరు ఎంట్రీ చేస్తుంటే, చివర రాసినవాళ్లదే మిగిలింది. ఒక రైతు చేతిలో స్లిప్ ఉంది, నా ఫైల్లో ఆయన పాలు లేవు. కష్టపడి తెచ్చిన పాలకు లెక్క లేదంటే ఆయనకెంత టెన్షన్! ఆ రోజు నుంచి ఒక ఎంట్రీకి ఒక ఫైలు.

బటన్ రెండుసార్లు నొక్కితే పాత ఎంట్రీ మీద పడకుండా, రాసేటప్పుడు 'ఇఫ్-నన్-మ్యాచ్: *' అనే హెడర్ (రాతతోపాటు వెళ్లే షరతు) పంపండి. 2024 ఆగస్టు నుంచి ఎస్3 దీన్ని పాటిస్తోంది. ఆ కీ ముందే ఉంటే 412 ఎర్రర్ ఇస్తుంది. రేటు చార్ట్ లాంటి మారే ఫైలుకు 'ఇఫ్-మ్యాచ్' వాడండి: చదివినప్పుడు, ఫైలు అప్పటి రూపానికి గుర్తుగా వచ్చిన ఈట్యాగ్‌ను తిరిగి పంపాలి. ఈలోగా ఎవరైనా మార్చేసి ఉంటే 412 వస్తుంది, అప్పుడు మళ్లీ చదివి మళ్లీ రాయాలి.

బకెట్ తెరిచేటప్పుడు

రీజియన్ (డేటా ఉండే చోటు) ముంబై గానీ, 2022లో మొదలైన హైదరాబాద్ గానీ ఎంచుకోండి. వెర్షనింగ్ ఆన్ చేస్తే పొరపాటున చెరిపింది తిరిగి దొరుకుతుంది. పాత వెర్షన్లకూ అద్దె పడుతుంది కాబట్టి ఏడాది దాటినవి తీసేసే లైఫ్‌సైకిల్ రూల్ పెట్టండి. పబ్లిక్ యాక్సెస్ ఆపే సెట్టింగ్‌ను ముట్టుకోకండి. అమెజాన్ ఖాతా రహస్య కీలను (పాస్‌వర్డ్ లాంటివి) ఫోన్ యాప్‌లో ఎప్పుడూ పెట్టకండి, మధ్యలో చిన్న లాంబ్డా ఫంక్షన్ (పిలిచినప్పుడే అమెజాన్ దగ్గర నడిచే కోడ్) చేత రాయించండి.

రోజు చివర 400 ఎంట్రీలను ఒక పార్కే ఫైలుగా (పట్టికను కుదించి దాచే ఫార్మాట్) కలిపేస్తే, పదిహేను రోజుల బిల్లుకు 6,000 ఫైళ్లు తెరవక్కర్లేదు, 15 చాలు. డక్‌డీబీ అనే ఉచిత క్వెరీ టూల్ వాటిని ఎస్3 నుంచే నేరుగా చదువుతుంది.

స్క్రీన్‌ను సెకనుకోసారి రిఫ్రెష్ చేసే కోడ్ మాత్రం రాయకండి. జాబితా అడగడానికీ రాసినంత ధరే. నెలంతా సెకనుకొకటి అడిగితే దాదాపు 26 లక్షల పిలుపులు, 13 డాలర్లు. చిన్న డేటాబేసే వచ్చేస్తుంది ఆ డబ్బుకు.

అడ్వాన్సులు, దాణా బాకీలు ఇక్కడ పెట్టకండి. బిల్లులో కోత పడిన క్షణమే బాకీ కూడా తగ్గాలి, రెండు ఫైళ్లు కలిసి మారాలి. ఆ ఖాతాను కేంద్రంలోని కంప్యూటర్‌లో ఎస్‌క్యూలైట్‌లో (ఒకే ఫైల్లో ఉండే చిన్న ఉచిత డేటాబేస్) ఉంచి, ప్రతి రాత్రి దాని బ్యాకప్ కాపీని ఇదే బకెట్‌లోకి పంపండి.