స్పోర్ట్స్ ఫొటోగ్రాఫర్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పల్ స్టేడియంలో బౌండరీ పక్కన కూర్చుని చేయంత లెన్సుతో ఫొటోలు తీసేవాళ్లను చూసి కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఏ కెమెరా కొనాలి?" ఆ సంగతి తర్వాత చూద్దాం. ఈ ఆదివారం మీ ఊళ్లో ఏ ఆట జరుగుతోందో ముందు కనుక్కోండి.

1. పాస్ అక్కర్లేని మైదానం వెతకండి

సంక్రాంతి కబడ్డీ, మండల స్థాయి స్కూల్ గేమ్స్, కాలేజీ వాలీబాల్ లాంటివాటికి వెళ్లండి. నిర్వాహకులను ఒక మాట అడిగితే గీత పక్కనే కూర్చోనిస్తారు. అదే ఐపీఎల్‌కైతే టికెట్ కొన్నా పెద్ద కెమెరాను గేటు దాటనివ్వరు. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకి కూడా నేను కబడ్డీతోనే మొదలుపెట్టమని చెబుతాను. ఆట ముఖం మీదే జరుగుతుంది కాబట్టి పొడవాటి లెన్సు లేకపోయినా నడుస్తుంది.

2. ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోండి

రైడర్ కూతకు వెళ్లేటప్పుడు అతని ముఖం దొరకాలంటే డిఫెండర్ల వెనక, కోర్టు మూలన ఉండాలి. కానీ అసలు ఫొటో అక్కడ లేదు. కాలు దొరకబుచ్చుకుని నలుగురు మీద పడ్డాక, రైడర్ మధ్య గీత వైపు చెయ్యి చాపుతాడు. వేళ్లకీ గీతకీ మధ్య జానెడు దూరం, నోట్లో మట్టి, మెడ మీద ఉబ్బిన నరం. అది కావాలంటే పక్క గీత దగ్గర, రైడర్ సొంత కోర్టు వైపు నేల మీద పడుకుని ఉండాలి. ఎప్పుడు ఎక్కడుండాలో ఆటే చెబుతుంది. డూ ఆర్ డై నిబంధనతో ఆడుతుంటే ఒక్కో జట్టు కూతలు లెక్కపెట్టుకోండి. వరసగా రెండు ఖాళీగా పోతే, మూడో కూతలో పాయింటు రాకపోతే రైడర్ ఔట్. తెగించక తప్పదు. మీ వేలు బటన్ మీద ఉండాల్సింది అప్పుడే.

చోటు విలువ తెలియాలంటే 1965 మే 25న నీల్ లీఫర్ తీసిన ఫొటో చూడండి. బాక్సింగ్ రింగులో కింద పడిన సానీ లిస్టన్ మీద మహమ్మద్ అలీ నిలబడి అరుస్తుంటాడు. అలీ కాళ్ల సందులోంచి అవతలి వైపు మరో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. అతనికి దక్కింది అలీ వీపు.

3. సెట్టింగులు

పగలైతే షటర్ వేగం సెకనులో 1/1000 కన్నా తగ్గనివ్వకండి. రాత్రి ఫ్లడ్‌లైట్లలో అపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, 2.8 దగ్గర పెట్టి, ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని, ఎంతకైనా పోనివ్వండి. గ్రెయిన్ (చుక్కలు చుక్కలుగా) ఉన్న ఫొటోను పేపర్ డెస్క్ వేసుకుంటుంది, షేక్ అయినదాన్ని వేసుకోదు. ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే కదిలే ఆటగాడిని వెంటాడే మోడ్‌లో ఉండాలి. ఇండోర్ స్టేడియాల్లో ఒక ఫ్రేము పసుపుగా, పక్కది నల్లగా వస్తే కెమెరా పాడైందని టెన్షన్ పడకండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. బ్యాడ్మింటన్‌లో మాత్రం ఫ్లాష్ ఊసే ఎత్తకండి.

4. ఇప్పుడు కెమెరా

సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డీ500 గానీ కెనాన్ 7డీ మార్క్ 2 గానీ చూడండి. రెండూ సెకనుకు పది ఫ్రేములు తీస్తాయి. డబ్బంతా 70-200 ఎంఎం, 2.8 లెన్సు మీద పెట్టండి. 400 ఎంఎం అవసరమైన రోజు అద్దెకు తెచ్చుకోవచ్చు. దానికోసం అప్పు చేసినవాళ్లను చూశాను, వద్దు.

5. పేర్లు తప్పు రాయకండి

ఆట మొదలవకముందే టీమ్ లిస్టును ఫొటో తీసుకోండి. వార్మప్‌లో ఒక్కో ఆటగాడి ముఖం, జెర్సీ నంబర్ కలిపి ఒక ఫ్రేము తీయండి. నేనిది కష్టపడి నేర్చుకున్నాను. ఒక జిల్లా ఫైనల్లో ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములిద్దరు ఆడారు. గెలిపించింది తమ్ముడైతే నేను అన్న పేరు రాసి పంపాను, పేపర్లో అలాగే అచ్చయింది. పొద్దున్నే వాళ్ల నాన్న ఫోన్. ఆయన తిట్టలేదు. "బాబూ, చిన్నోడు అన్నం తినట్లేదు" అన్నాడంతే.

ఎవరు, ఎవరి మీద, ఎక్కడ, ఏ తేదీన, ఏం చేస్తుండగా అన్నది రెండు వాక్యాల్లో రాసి, విరామంలోనే రెండు మూడు ఫొటోలు పంపేయండి. రాత్రి పదకొండుకు వచ్చే అద్భుతమైన ఫొటో కన్నా ఎనిమిదికి వచ్చే మంచి ఫొటోకే పేజీలో చోటుంటుంది.

6. పని, పాస్, డబ్బు

ఇరవై ఫొటోలు ఎంచుకుని మీ జిల్లా స్పోర్ట్స్ రిపోర్టర్లకు చూపించండి. అన్నీ గాల్లో ఎగిరేవే వద్దు, ఓడిపోయి బెంచీ మీద కూర్చున్నవాడు కూడా ఉండాలి. పెద్ద మ్యాచ్‌ల అక్రెడిటేషన్, అంటే మీడియా పాస్, మామూలుగా పత్రిక, ఏజెన్సీ పేరు మీదే వస్తుంది. అందుకే స్ట్రింగర్‌గా, అంటే ఉద్యోగం కాకుండా పనిని బట్టి డబ్బు తీసుకుంటూ, తక్కువ డబ్బుకైనా ఏదో ఒక సంస్థతో కలిసి పనిచేయడం మంచిది. ఇల్లు గడిచేది మాత్రం అకాడమీలు, స్కూల్ స్పోర్ట్స్ డేలు, మారథాన్‌ల మీద.

అక్కడే చాలామంది మోసపోతారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. కాబట్టి అడ్వాన్స్ తీసుకునే ముందే ఫొటోల హక్కు మీ దగ్గరే ఉంటుందనీ, వాళ్లు ఎక్కడెక్కడ వాడుకోవచ్చో కూడా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి.