దారి మధ్యలో బండి పంక్చరైతే

బండి వెనక భాగం ఉన్నట్టుండి అటూ ఇటూ ఊగుతున్నా, హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకు లాగుతున్నా గాలి పోయినట్టే. కంగారులో బ్రేకు గట్టిగా పట్టొద్దు. యాక్సిలేటర్ వదిలేసి, గాలి ఉన్న చక్రం బ్రేకునే మెల్లగా వాడుతూ రోడ్డు దిగండి. ఇంకాస్త దూరమేగా అని గాలి లేకుండా నడిపితే రిమ్ముకీ నేలకీ మధ్య నలిగి ట్యూబు చీరికలైపోతుంది, ఒక్కోసారి వాల్వ్ మొదలంటా తెగుతుంది. అప్పుడిక ప్యాచ్ వేయడానికి ఏమీ మిగలదు.

ముందుగా వాల్వ్ చూడండి. క్యాప్ తీసి మూతి మీద కాస్త ఉమ్మి రాయండి. బుడగ లేస్తే తప్పు మేకుది కాదు, లోపలి పిన్‌ది. దాన్ని కొంచెం బిగించి గాలి కొడితే పని అయిపోతుంది. ఇది చూసుకోకుండా టైరు విప్పేసేవాళ్లు చాలామందే ఉంటారు.

తర్వాత తేల్చుకోవాల్సింది లోపల ట్యూబు ఉందా లేదా అని. టైరు మీద ట్యూబ్‌లెస్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. స్పోకుల చక్రమైతే చాలామటుకు లోపల ట్యూబే ఉంటుంది, ఎందుకంటే స్పోకులు బిగించిన కన్నాల్లోంచి గాలి పోతుంది.

ట్యూబ్‌లెస్ అయితే

మేకు కనపడగానే పీకేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. అది అక్కడ ఉన్నంతసేపు కన్నం ఎక్కడుందో, ఏ వాలులో దిగిందో తెలుస్తుంది, మిగిలిన గాలీ నిలుస్తుంది. ముందు పంక్చర్ కిట్‌లోని సూది కన్నంలోంచి స్ట్రిప్ (కన్నం మూసే రబ్బరు పోగు) దూర్చి, రెండు కొసలూ సమంగా ఉండేలా లాగి, సొల్యూషన్ (రబ్బరు జిగురు) పూసి పక్కన పెట్టుకోండి. అప్పుడు మేకు తీసి, అది దిగిన వాలులోనే ఆకురాయిలా గరుకుగా ఉండే పొడుగు టూల్‌ను తిప్పుతూ దించండి. అయిదారుసార్లు పైకీ కిందికీ ఆడించాలి. నిటారుగా గుచ్చితే కొత్త కన్నం పడుతుంది, పాతది అలాగే కారుతుంది.

సూదిని బలంగా నొక్కి, స్ట్రిప్ కొసలు ఒక సెంటీమీటరు బయట ఉండగా ఆపండి. సూదిని తిప్పకుండా ఒక్క ఊపున నేరుగా పైకి లాగాలి. మెల్లగా లాగితే స్ట్రిప్ కూడా వెంట వచ్చేస్తుంది. మిగిలిన తోకను మూడు మిల్లీమీటర్లు ఉంచి కోసి, గాలి కొట్టి, మళ్లీ ఉమ్మి పరీక్ష చేయండి. ఇంకా బుడగలొస్తే పక్కనే రెండో స్ట్రిప్ దూర్చవచ్చు. కన్నం ఆరు మిల్లీమీటర్లకు మించినా, టైరు పక్క భాగంలో పడినా ఈ వైద్యం పనికిరాదు. నేలకు తగలని ఆ పక్క భాగం ప్రతి తిరుగుడులోనూ వంగుతుంటుంది, స్ట్రిప్ అక్కడ నిలవదు.

టైరు అంచు, అంటే బీడ్, రిమ్ము వదిలేసి ఉంటే చేతి పంపుతో ఎంత కొట్టినా గాలి ఆ సందులోంచే పోతుంది. టైరు చుట్టూ మధ్య భాగం మీద తాడు కట్టి, కర్ర దూర్చి మెలిపెట్టి బిగించండి. అంచులు రిమ్ముకు ఆనుకుని గాలి పట్టడం మొదలవగానే తాడు వదులు చేయాలి.

ట్యూబు ఉంటే

కన్నం చోటు తెలిస్తే చాలాసార్లు చక్రం ఊడదీయక్కర్లేదు. ఊడదీస్తే చైను వదులు, బ్రేకు రాడ్డు, చక్రం వరస అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి, అంత అవసరం లేదు. మెయిన్ స్టాండ్ వేసి, చైను లేని వైపు కూర్చోండి. డిస్క్ బ్రేకు ఉంటే, టైరు అంచును పైకి లేపే లివర్‌ను ఆ డిస్క్ మీద ఆనించొద్దు, డిస్క్ వంగుతుంది. వాల్వ్ నట్ వదులు చేసి, పిన్ తీసి గాలంతా వదిలేయండి. మడమతో తొక్కి అంచును రిమ్ము నుంచి విడదీయాలి.

ఇక్కడే బలం చూపించి లివర్లు వంచేసుకుంటారు. రిమ్ము మధ్యలో పల్లం ఉంటుంది. లివర్ పెట్టిన చోటికి సరిగ్గా ఎదుటి వైపు అంచును మోకాలితో ఆ పల్లంలోకి తోస్తే ఇటు వైపు వదులొస్తుంది, చెయ్యి బలమే చాలు. లివర్‌ను లోతుగా దూర్చొద్దు, ట్యూబును నొక్కేస్తుంది.

కన్నమున్న భాగం మాత్రమే బయటికి లాగండి. ప్యాచ్ కంటే కాస్త పెద్ద మేర గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. ట్యూబు మీద అచ్చు గీత ఉబ్బెత్తుగా ఉంటే అదీ చదును కావాలి. సొల్యూషన్ పలుచగా పూసి అయిదు నిమిషాలు వదిలేయండి. వేలి వెనకభాగంతో తాకితే తడి అంటకూడదు. తడి మీద వేసిన ప్యాచ్ లోపల ఆవిరి చిక్కుకుని, టైరు వేడెక్కగానే లేచిపోతుంది. ప్యాచ్ మధ్యనుంచి అంచులకు స్పానర్ పిడితో గట్టిగా రుద్దండి.

ట్యూబు లోపలికి పెట్టే ముందు టైరు లోపలంతా వేళ్లతో మెల్లగా తడమండి, గుడ్డ చుట్టుకుంటే మేలు. మేకు తల బయట ఊడిపోయి మొన లోపలే ఉండిపోవడం మామూలే. అది వదిలేస్తే వేసిన ప్యాచ్ పక్కనే ఇంకో కన్నం పడుతుంది.

ట్యూబులో ముడతలు పోయేంత గాలి మాత్రం నింపి లోపలికి దూర్చండి. అంచు ఎక్కించడం వాల్వ్‌కు ఎదుటి వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించాలి. ఆఖరి జానెడు ఎక్కించే ముందు వాల్వ్‌ను లోపలికి ఒకసారి నొక్కితే ట్యూబు అంచు కింద ఇరుక్కోదు. చాలా కొత్త కన్నాలు ఈ ఆఖరి జానెడులోనే పడతాయి.

గాలి ఎంతన్నది చైను కవరు మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో స్టిక్కర్‌లో ఉంటుంది. చాలా బండ్లకు ముందు 25, వెనక 28 నుంచి 33 పీఎస్‌ఐ మధ్య. రిమ్ము పక్కన టైరు మీదుండే సన్న గీత చుట్టూ ఒకే దూరంలో కనపడాలి. ఒకచోట లోపలికి దిగిపోయి ఉంటే అంచు సరిగా కూర్చోలేదు, గాలి తీసి సబ్బునీళ్లు రాసి మళ్లీ కొట్టండి.

అయిదు కిలోమీటర్లు పోయాక ఆగి గాలి మళ్లీ చూసుకోండి. స్ట్రిప్ వేసిన టైరుతో నెమ్మదిగానే వెళ్లి, వీలైనంత త్వరగా లోపలినుంచి ప్యాచ్ వేయించాలి. బండిలో పెట్టుకునే సొల్యూషన్ ట్యూబును ఒకసారి తెరిచాక నమ్మొద్దు, మూత బిగించినా కొన్ని నెలల్లో లోపల గట్టిపడుతుంది. రెండు నెలలకోసారి నొక్కి చూడండి.