మార్పులు చేసిన పాత కారు ఇంజిన్‌కు ఇగ్నిషన్ టైమింగ్ ఎలా పెట్టాలి?

వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ మార్చి, కంప్రెషన్ పెంచి, ఆ తర్వాత కారుతో వచ్చిన పుస్తకంలోని టైమింగ్ అంకెనే పెట్టేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను. పిస్టన్ పైకొసకు చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలో చెప్పే ఆ అంకె పాత ఇంజిన్‌ది. మీరు దాన్ని మార్చేశారు కదా!

టైమింగ్ లైట్ (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసేది), టాకోమీటర్ (ఇంజిన్ వేగం చూపేది), పానాలు, పిస్టన్ స్టాప్ (ప్లగ్ రంధ్రంలో బిగించి పిస్టన్‌ను ఆపే కడ్డీ), కాస్త తెల్ల రంగు చాలు. లైట్ మామూలుదే కొనండి, డిగ్రీలు తిప్పే మీట ఉన్నది వద్దు. ఒకే మంటకు పలుమార్లు స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ బాక్సులతో అది తప్పు చూపించవచ్చు. స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకునే కాంటాక్టులు) ఉంటే ముందు వాటి గ్యాప్ సరిచేయండి. గ్యాప్ పెరిగితే స్పార్క్ ముందుకు, తగ్గితే వెనక్కి జరుగుతుంది. అందుకే ముందు గ్యాప్, తర్వాత టైమింగ్; ఈ వరుస తారుమారు కాకూడదు.

ఇక అందరూ పాడుచేసే పని: పిస్టన్ పైకొసకు చేరే చోటును కనిపెట్టడం. పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసు ముందున్న పుల్లీ మీద గీత ఉందిగా అంటారు. చాలా పాత ఇంజిన్లలో ఆ గీత ఉండే బయటి వలయానికీ లోపలి భాగానికీ మధ్య రబ్బరు ఉంటుంది. రబ్బరు ముసలిదైతే వలయం జారుతుంది, దానితోపాటే గీత కూడా. నేను ఒక ఇంజిన్ కోసం రెండు రోజులు కార్బొరేటర్ విప్పి బిగించాను. తీరా చూస్తే గీత 9 డిగ్రీలు పక్కకు పోయి ఉంది.

ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి చూడడం కూడా పనికిరాదు. పైకొస దగ్గర క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ దాదాపు కదలదు. ఆ కొన్ని డిగ్రీలే మనకు ముఖ్యం.

బ్యాటరీ తీగ తీసేయండి. ప్లగ్‌లన్నీ విప్పండి. ఒకటో సిలిండర్ పిస్టన్‌ను బాగా కిందికి దించాకే స్టాప్ బిగించండి. క్రాంక్ బోల్టుకు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పండి. పిస్టన్ స్టాప్‌కు తగలగానే ఆగి, సూచిక ఎదురుగా పుల్లీ మీద గీత గీయండి. ఇప్పుడు రెండోవైపు తిప్పి, తగిలిన చోట మరో గీత గీయండి. ఆ రెండింటి మధ్య ఉన్న చిన్న దూరానికి సరిగ్గా నడిమి బిందువే అసలు పైకొస. స్టాప్ లోపల ఉండగా స్టార్టర్‌ను ముట్టుకోవద్దు, పిస్టన్‌కు చిల్లు పడుతుంది. ప్లగ్ రంధ్రం వాలుగా ఉంటే స్టాప్ వాల్వుకు తగలవచ్చు. ఏమాత్రం అనుమానం వచ్చినా బలం పెట్టకండి. నేను ప్రతిసారీ ఈ కొలతను రెండుసార్లు తీస్తాను, మీరూ తీయాలి.

అక్కడి నుంచి పుల్లీ తిరిగే దిశలో డిగ్రీలు గుర్తించండి. పుల్లీ అడ్డుకొలత 160 మిల్లీమీటర్లైతే ఒక డిగ్రీకి సుమారు 1.4 మిల్లీమీటర్లు, 34 డిగ్రీలకు 47.5.

స్టాప్ తీసి, ప్లగ్‌లు బిగించి, బ్యాటరీ తీగ తగిలించి ఇంజిన్‌ను వేడెక్కనివ్వండి. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూసేయండి. లైట్ వెలుగులో తిరిగే ఫ్యాన్ ఆగినట్టు కనిపిస్తుంది, చేతులు దూరంగా ఉంచండి. గీత ఇక ముందుకు జరగడం ఆగేవరకు వేగం పెంచండి, తరచుగా అది 3000 ఆర్‌పీఎం దాటాక ఆగుతుంది. డిస్ట్రిబ్యూటర్ తిప్పి అక్కడ 30 డిగ్రీలు పెట్టండి. సిలిండర్‌కు రెండు వాల్వులుండే పాత ఇంజిన్లు చాలావరకు 32–36 మధ్య స్థిరపడతాయి. 2 డిగ్రీల చొప్పున పెంచుతూ, ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండే టకటక చప్పుడు) వినిపిస్తే 2 వెనక్కి రండి. కంప్రెషన్ పెంచినచోట ఇందులో మొహమాటం వద్దు.

ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, అంకె ఎంత వస్తే అంత. పెద్ద కామ్‌కు ఐడిల్‌లో 12–14 డిగ్రీలు కావాలనుకుంటే, వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని స్పార్క్‌ను ముందుకు జరిపే డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు విచ్చుకునే మేర తగ్గించాలి. ఐడిల్‌లో 14, మొత్తం 34 కావాలంటే బరువులు ఇవ్వాల్సింది 20. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది కనుక దాని కొలతలో అది 10. కేవలం డిస్ట్రిబ్యూటర్ తిప్పి ఐడిల్ సరిచేసుకుంటే పైవేగంలో మొత్తం టైమింగ్ హద్దు దాటిపోతుంది. ఐడిల్‌లో వాక్యూమ్ గేజ్ చూసి టైమింగ్ పెట్టే పద్ధతిని నేను ఒప్పుకోనిది అందుకే.

డిస్ట్రిబ్యూటర్‌ను పట్టి ఉంచే క్లాంప్ బిగించాక లైట్‌తో మళ్లీ చూడండి, బిగింపులోనే డిగ్రీ రెండు డిగ్రీలు జరగవచ్చు. ఆ తర్వాతే వాక్యూమ్ గొట్టం తగిలించండి.